కొంచెం అంటే ఎంత?

పదిహేనేళ్లప్పుడు టెక్కలిలో ఒక షెడ్డులో పనికి చేరాను. 1987. ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు. ఆరునెలలపాటు నా పని కిరసనాయిలు తొట్టెలో పార్టులు కడగడమే. టీ తెచ్చేదీ నేనే. అందరికీ గాజు గ్లాసులు. నాకు వెనక గోడమీద ఒక సత్తు గ్లాసు. దాన్ని నేనే కడిగి నేనే బోర్లించుకోవాలి.

ఒకసారి ఒక భూస్వామి తోటకెళ్లి నూతి దగ్గర ఇంజను విప్పాం. నన్ను నుయ్యి గట్టు ఎక్కొద్దన్నారు. దాహమేస్తే దూరంగా నిలబెట్టి దోసిట్లో పోశారు. ఇంజను లోపల మాత్రం నా చెయ్యి తగలని చోటు లేదు. పిస్టను తుడిచింది నేను, రింగులు ఎక్కించింది నేను. ఆ ఇంజను తోడిన నీళ్లు వాళ్లింటిల్లిపాదీ తాగారు. 1927లో మహద్ చెరువులో అంబేద్కర్ దోసిలి ముంచిన సంగతి నాకప్పటికి తెలీదు. తెలిసున్నా ఆ వయసులో ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

ఆయిలు తక్కువై ఆ ఇంజను పట్టేసింది. క్రాంకు పిన్ను మీద గీతలు పడ్డాయి. ఆసామి కొత్త క్రాంకు వేయించుకున్నాడు. పాతది షెడ్డు మూల పడింది.

నెల తిరక్కుండా మా పేట ఇంజను వచ్చింది. మా పేట వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గర్లో. ఎస్సీ కార్పొరేషను రుణంతో ఏడు కుటుంబాలు కలిసి తెచ్చుకున్న అయిదు హార్సుపవరు ఇంజనది. మా అయ్యకీ వాటా ఉంది. దాని క్రాంకు అరిగిపోయింది, మార్చాలి. రెండూ ఒకే రకం ఇంజన్లు. మేస్త్రి మూలనున్న క్రాంకు తీసి ఎమ్రీ కాగితంతో రుద్దమన్నాడు. రుద్దుతుంటే పిన్ను చివర, మలుపు తిరిగే మూలలో వెంట్రుకంత నల్లగీత కనిపించింది. తుడిచేకొద్దీ అక్కడే నూనె ఊరుతోంది.

"మేస్త్రీ, ఇక్కడేదో గీతుంది" అన్నాను.

"కొంచెమే కదరా. ఆళ్లకి సాల్లే" అన్నాడు.

ఆళ్లంటే మేమే. ఆ మాట మాలో ఒకడితోనే అంటున్నానన్న ఎరుక కూడా ఆయనకి లేదు. నేను నోరెత్తలేదు. పని పోతుందని భయం. ఆ క్రాంకు నా చేతుల్తోనే బిగించాను. కొత్తదాని ఖరీదు వసూలు చేశారు.

రెండు నెలలకి, నడి ఎండల్లో, క్రాంకు విరిగింది. రాడ్డు ఇంజను పెట్టెని పగలగొట్టుకుని బయటికొచ్చింది. పక్కనున్న మా చిన్నాన్న కాలికి ఇనప పెంకు తగిలింది. చోడి చేను ఎండిపోయింది. చిన్నాన్న బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. ఆ గీత నేను చూశానని ఆయనకి ఏనాడూ చెప్పలేదు.

పని ఒంటబట్టాక నాకు తెలిసింది, దెబ్బతిన్న పార్టులన్నీ ఒకటి కాదని. అరుగుదల వేరు, పగులు వేరు. అరుగుదలని మైక్రోమీటరుతో కొలవొచ్చు. ఎంత పోయిందో ఎంత మిగిలిందో తెలుస్తుంది. పావు మిల్లీమీటరు గ్రైండింగు చేయించి, ఆ సైజు బేరింగులు వేస్తే క్రాంకు మళ్లీ ఏళ్ల తరబడి తిరుగుతుంది. పగులు అలా కాదు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో లోలోపల పెరుగుతూ పోతుంది. బయటికి అంతా బాగానే ఉంటుంది. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు ఇలాగే విరిగింది. పెట్టెల తలుపులకి తాళాలేసి ఉండడంతో యాభైమందికి పైగా చనిపోయారు. ఆ ఇరుసు సంగతి లోపల కూర్చున్నవాళ్లకి తెలీదు. తాళం తీసుకోవడమూ వాళ్ల చేతిలో లేదు.

మన కుర్రాళ్లు కొందరు అంటుంటారు, తరతరాలుగా మనకి పాతబట్టలూ మిగిలిన కూడూ ఇచ్చారు, ఇక పాతది ముట్టుకోవద్దని. ఆ కోపం నాకూ ఉంది. కాని మా అమ్మ చిరిగిన చీరలు కలిపి బొంత కుట్టింది. నలుగురం ఆ బొంతలోనే పెరిగాం. ఏ కుట్టు ఎక్కడ వదులైందో ఆమెకి తెలుసు. అందులో నాకు అవమానం కనపడదు. మనకి తెలీకుండా, మన తరఫున ఇంకొకడు 'చాల్లే' అనడముంది చూడండి, అదీ అవమానం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ జీడితోటలూ నేలకూలాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. బోర్లు ఆగిపోయాయి. అప్పటికి నాకు కాశీబుగ్గలో సొంత షెడ్డుంది. నాలుగోరోజు మా పేటవాళ్లు ట్రాలీ ఆటోలో పాత ఇంజను తెచ్చారు. కరెంటు మోటార్లు వచ్చాక పాకలో మూలపడ్డ అదే ఇంజను. పెట్టెకి వేయించిన అతుకు అలాగే ఉంది. దాన్ని నూతికి తగిలిస్తే పేటకి నీళ్లొస్తాయి.

విప్పాను. క్రాంకు మీద గీతలున్నాయి, కొలిస్తే అరుగుదల హద్దులోనే ఉంది. రాడ్డు బోల్టుల్లో ఒకటి మెడ దగ్గర సన్నబడింది. ఇక్కడ షాపులన్నీ మూసున్నాయి. బోల్టులు శ్రీకాకుళం నుంచి రావాలి.

"బిగించీ బావా. పిల్లలు గుంటనీళ్లు తాగతన్నారు. కొంచెమే కదా" అన్నాడొకడు.

మా పెద్దమ్మ అక్కడే కూర్చునుంది. పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. మొదటిసారి రక్తం చూసినప్పుడు కొంచెం తేడా ఉంది, భయం లేదన్నారట. ఆవిడ అడిగింది: "కొంచెం అంటే ఎంతరా నాయినా? ఇరిగితే ఎవలికి తగుల్తాది?"

అందర్నీ దగ్గరికి పిలిచాను. క్రాంకునీ బోల్టునీ కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాను. క్రాంకు తెల్లగానే ఉంది. బోల్టు మీద సన్నటి నల్లగీత తేలింది. క్రాంకు పనికొస్తుంది, బరువు తగ్గించి నడపండి, టకటకమంటే వెంటనే ఆపండి అన్నాను. బోల్టు ఒకరోజు నిలవొచ్చు, నెల నిలవొచ్చు, తెగితే మాత్రం హాండిలు తిప్పేవాడి కాళ్లమీదికే వస్తుంది అన్నాను. ఆ అతుకు చూపించి 1987లో నేను చూసి చెప్పని గీత సంగతి కూడా చెప్పేశాను. చిన్నాన్న కొడుకు అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు.

చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి క్రాంకు వాడదాం, బోల్టుకి ఆగుదాం అనుకున్నారు. పడిన చెట్ల మధ్యనుంచి బండేసుకుని శ్రీకాకుళం వెళ్లింది చిన్నాన్న కొడుకే. మర్నాడు పొద్దుగూకాక వచ్చాడు. రాత్రికి ఇంజను ఆడింది.

ఈలోగా పేటలో ఇద్దరు పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. బతికారు. వాళ్లలో ఒకరి తల్లి నన్నడిగింది, ఆ ఒక్కరోజూ బోల్టు నిలిచేదేమో కదా అని. నిలిచేదేమో. ఆవిడకి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు నా షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లకి మొదట నేర్పేది సుద్దపొడి చల్లడం. ఇంజను పెద్దకామందుదైనా, పేటదైనా, పార్టు ఆసామి కళ్లముందే చూడాలి. ఎంత పోయిందో అంకెలో చెప్పాలి. 'కొంచెం' అనే మాట మా షెడ్డులో వాడనివ్వను.