నీటి అడుగున ఊపిరి

నీరు వడకట్టి త్రాగడం మన ఇండ్లలో చిన్ననాడే అలవడే ఆచారం. వడకట్టిన గుడ్డను ఎక్కడో విదిలించము. అందులో చిక్కిన జీవాలను ఆ నీరు తెచ్చిన చోటికే తిరిగి చేరుస్తాము. ఇంత శ్రద్ధ గలవారము, మనం వదలిన నీరు ఎక్కడో అడుగున ఏమి చేస్తున్నదో ఎన్నడైనా విచారించామా?

ఎరువులు, మురుగు సముద్రతీరానికి చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి అడుగుకు దిగి కుళ్ళుతుంది. కుళ్ళించే సూక్ష్మజీవులు నీటిలో కరిగివున్న ప్రాణవాయువును హరిస్తాయి. అది లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గేసరికి చేపలు పారిపోతాయి. పురుగులు, నత్తలు, ఆల్చిప్పలు ఎక్కడికి పోగలవు? ఆ బురదే వాటి ఇల్లు. ఇట్టి తావులు లోకంలో 400కు మించి ఉన్నట్లు 2008లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు.

కోలారుకు సముద్రం లేదు, నిజమే. చెరువులకు మాత్రం కొదువ లేదు. చెరువు అడుగున కూడా ఇదే ధర్మం. 2018 జూన్‌లో కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం క్రింద బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన జిల్లా చెరువులకు పంపసాగారు. మొదట లక్ష్మీసాగరం చెరువుకు నీరు వచ్చింది. మరుసటి నెలలోనే నురుగు తేలి జనం కలవరపడ్డారు. ఎండిన జిల్లాకు నీరు రావడం మేలే, కాదనను. అయితే రెండవ దశ శుద్ధితో నత్రజని, భాస్వరం పూర్తిగా పోవు. నాచుకు మేత అవే. పైగా మన పొలాల ఎరువు వేరే కలుస్తుంది.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైబడిన లోతు. 2001లో గనులు మూతపడేవరకు అడుగున పనిచేసేవారికి పైనుండి గాలి పంపేవారు. ఆ గాలి ఆగితే ఏమగునో ఈ ఊరివారికి ఒకరు చెప్పనక్కరలేదు. చెరువు అడుగునున్న రెండింద్రియాల జీవానికి గాలి పంపేవారెవరు?

శ్రావకుడు విడువవలసిన పదిహేను వ్యాపారాలలో చెరువులు ఎండగొట్టడం ఒకటి. నీరు ఉంచి ఊపిరి తీయడం ఆ లెక్కలోకి రాదా? ఉద్యోగీ హింస గృహస్థుకు తప్పదంటారు. తప్పనిది తప్పదు, పొలానికి మూడు మూటలు చాలునని ఎరిగీ రైతుకు అయిదు అంటగట్టడం తప్పనిదా?

ఈ మాటే ఒక ఎరువుల వర్తకునితో అన్నాను. “నేనివ్వకపోతే ప్రక్క అంగడిలో కొంటాడండీ” అన్నాడాయన. నాకు వెంటనే జవాబు తోచలేదు.