అహింస కూడా నేర్చుకోవలసిన విద్యే



కోపగించుకోవడం నేర్పడానికి బడి పెట్టిన ఊరు లేదు. రెండేళ్ళ పసివాడి చేతిలోని బొమ్మను పక్కింటి పిల్లవాడు లాక్కుంటే, వాడి చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అది జన్మపాపం మనలో మిగిల్చిన వంపు. లేచిన చేతిని దించుకొని, ఏడుపు ఆపుకొని, "అది నాది, ఇచ్చెయ్" అని ఎదుటివాడి కళ్ళలోకి చూసి అడగడం మాత్రం తల్లి కూర్చోబెట్టి నేర్పాలి. అదైనా ఒక్కరోజులో వచ్చేది కాదు.

సద్గుణం అంటే మంచిపని చేయగా చేయగా మనలో స్థిరపడిన అలవాటు అని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ఆయనకంటే ఎన్నో శతాబ్దాల ముందే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈ మాట చెప్పారు. వాద్యం సాధన చేసినవాడే వాద్యకారుడైనట్లు, న్యాయమైన పనులు సాధన చేసినవాడే న్యాయవంతుడవుతాడు. అహింస విషయంలోనూ అంతే. "నేను చీమకు కూడా హాని చేయను" అనుకునేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. మంచిదే. కానీ మన కళ్ళముందు అన్యాయం జరుగుతున్నప్పుడు చేతులు కట్టుకొని నిలబడితే అది అహింస కాదు, పిరికితనం. రాళ్ళు రువ్వడమూ కాక, తప్పించుకొని పోవడమూ కాక, అన్యాయానికి ఎదురు నిలిచే మూడవ దారి ఒకటుంది. ఆ దారి నడవడం ముందుగా నేర్చుకుంటేనే సమయానికి పనికి వస్తుంది.

మన నగరంలోనే జరిగిన ఒక సంగతి చూద్దాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టుపక్కల చాలామట్టుకు బండరాళ్ళూ పొదలూ ఉండేవి. ఇప్పుడు మాదాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. ఆ మేడల మధ్య, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పచ్చని నేల మిగిలింది. 2003లో దాన్ని ఒక క్రీడా సంస్థకు కేటాయించారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగి, 2024లో వ్యాజ్యం ప్రభుత్వం పక్షాన తేలింది. ఆ భూమిని ఐటీ సంస్థలకు ఇవ్వాలని, దానివల్ల పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం తలచింది.

2025 మార్చి 30, ఉగాది పండుగ. ఆదివారం. ఆనాడు బుల్డోజర్లు లోపలికి వెళ్ళాయి. అడ్డువెళ్ళిన విద్యార్థుల్లో సుమారు 50 మందిని పోలీసులు పట్టుకుపోయారు. విద్యార్థులు తరగతులు మానేశారు, ర్యాలీలు చేశారు, గేటు దగ్గర బైఠాయించారు. ఏప్రిల్ 2న వారిపై లాఠీలు లేచాయని వార్తలు వచ్చాయి. ఇంకోవైపు వట ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతోపాటు విద్యార్థులు కూడా హైకోర్టు తలుపు తట్టారు. పనులు ఆపమని హైకోర్టు చెప్పింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలుగజేసుకొని, హైకోర్టు రిజిస్ట్రారును స్థలానికి పంపి నివేదిక తెప్పించుకుంది. సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని తేలింది. వరుస సెలవుల్లో అంత తొందరపడి పని ఎందుకు చేశారని న్యాయస్థానం నిలదీసింది. మళ్ళీ పచ్చదనం తీసుకురావడానికి ప్రణాళిక ఇవ్వండి, లేదా అధికారులు జైలుకు సిద్ధపడండి అని హెచ్చరించింది. విద్యార్థులపై పెట్టిన కేసులను ఉపసంహరించుకోమని ఉపముఖ్యమంత్రి అదే ఏప్రిల్‌లో ఆదేశించారు.

ఈ సంగతిలో మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం సత్యం. ఆ అడవిలో ఏ పక్షులు, ఏ మొక్కలు ఉన్నాయో ఏళ్ళ తరబడి గమనించి రాసిపెట్టుకున్నవారు ఉన్నారు. అవసరం వచ్చిన రోజున ఆ కాగితాలు మాట్లాడాయి. కానీ అదే వారంలో ఇంకొకటి కూడా జరిగింది. బుల్డోజర్ల ముందు నుంచి జింకలు, నెమళ్ళు పారిపోతున్నట్టు చూపే బొమ్మలు కొన్ని ఫోన్లలో తిరిగాయి. వాటిలో కృత్రిమ మేధతో తయారుచేసినవి ఉన్నాయి. పంపినవారిలో చాలామంది మంచి ఉద్దేశంతోనే పంపి ఉంటారు. ఫలితం ఏమైంది? ప్రభుత్వం ఆ బొమ్మలను పట్టుకొని గొడవంతా కల్పితమన్నట్టు మాట్లాడింది. పంచుకున్నవారికి పోలీసు నోటీసులు వెళ్ళాయి. చెట్ల గురించి జరగవలసిన చర్చ బొమ్మల మీదికి మళ్ళింది.

నిజమైన జింకలు అక్కడ ఉండగా మాయలేడితో పనేమిటి? మాయలేడి వెంట పడితే ఏమవుతుందో మన తెలుగువారికి ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. గాంధీగారు తన పద్ధతికి పేరు పెడుతూ సత్యాగ్రహం అన్నారు. అందులో సత్యమే ముందుంది. అబద్ధ సాక్ష్యం పలుకవద్దనే ఎనిమిదవ ఆజ్ఞ శత్రువు విషయంలో కూడా ఆజ్ఞే. ఇలాంటి బొమ్మలు చేసే యంత్రాలకు ప్రాణం పోసే ఇంజినీర్లు, ఆదివారం పూజలో మన పక్కనే మోకరించే మన బిడ్డలు. కాబట్టి ఈ పాఠం మొదట మన ఇళ్ళకే.

రెండవ పాఠం, ఒంటినీ నోటినీ అదుపులో పెట్టుకునే సాధన. దీనికి మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది గాని, దాని వేరు మన దేశంలోనే ఉంది. జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు బోధకుడు 1950లలో మూడేళ్ళు నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో పనిచేస్తూ గాంధీగారి పద్ధతులను శ్రద్ధగా అధ్యయనం చేశారు. తిరిగి వెళ్ళి, నాష్‌విల్ నగరంలో ఒక గుడి కింది గదిలో విద్యార్థులకు తరగతులు పెట్టారు. ఆ ఊరి దుకాణాల్లోని ఫలహారశాలల్లో నల్లజాతివారిని కూర్చోనిచ్చేవారు కాదు. ఆ తరగతుల్లో ఏం నేర్పేవారు? కొందరు కుర్చీల్లో కూర్చునేవారు. తోటి విద్యార్థులే వారిని తిట్టి, నెట్టి, ముఖం మీదికి సిగరెట్టు పొగ ఊదేవారు. కూర్చున్నవారు తిరిగి కొట్టకుండా, పారిపోకుండా ఉండడం అభ్యసించేవారు. అలా నెలల తరబడి సాధన చేశాకే, 1960 ఫిబ్రవరిలో ఆ ఫలహారశాలల్లోకి వెళ్ళి కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్ళారు.

ఏప్రిల్ 19న వారి తరఫు న్యాయవాది ఇంటిమీద బాంబు పడింది. వేలమంది మౌనంగా నడిచి నగర కార్యాలయానికి చేరారు. ఒక్క రాయి లేవలేదు. కతోలిక కుటుంబంలో పెరిగిన డయాన్ నాష్ అనే విద్యార్థిని మేయరును అందరి ముందు ఒక ప్రశ్న అడిగింది: రంగును బట్టి మనిషిని వేరుచేయడం తప్పని మీకు అనిపించడం లేదా? మేయరు ఆగి, తప్పేనని ఒప్పుకున్నాడు. మే 10న ఆ ఫలహారశాలల తలుపులు నల్లజాతివారికి తెరుచుకున్నాయి.

క్రీస్తునాథుడు చేసింది గుర్తుకు వస్తోందా? యోహాను సువార్త 18వ అధ్యాయం తీసి చూడండి. ప్రధానయాజకుని ముందు ఒక భటుడు యేసును చెంపమీద కొట్టాడు. రెండవ చెంప చూపమని బోధించిన ప్రభువు అప్పుడేం చేశారు? తిరిగి కొట్టలేదు. నోరు మూసుకొని ఊరుకోనూ లేదు. నేను తప్పు పలికితే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగారు. ఆ ప్రశ్న భటుని మనస్సాక్షికి వేసిన ప్రశ్న. ఎదుటివానిలో మనస్సాక్షి ఉందని నమ్మినవారే అలా అడగగలరు. అతన్ని రాక్షసుడనుకుంటే కర్ర తీస్తాం. దేవుని పోలికలో పుట్టినవాడనుకుంటే ప్రశ్న వేస్తాం. లాఠీ పట్టిన కానిస్టేబులు కూడా ఒక తల్లి బిడ్డే. మన విచారణల్లో పోలీసు కుటుంబాలు లేవా?

మూడవ పాఠం, కలిసికట్టుతనం. ఇది మన నెల్లూరు జిల్లా స్త్రీలు నేర్పారు. 1991, 92 సంవత్సరాల్లో అక్షరాస్యతా తరగతుల కోసం పొద్దుగూకాక కూర్చున్న పేద స్త్రీలు అక్షరాలతోపాటు తమ బ్రతుకులను కూడా చదువుకున్నారు. భర్తల కూలిడబ్బులు ఎక్కడికి పోతున్నాయో లెక్క తేలింది. దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ వయోజనుల వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. అక్కడక్కడ చీపుర్లు, కారంపొడి లేచిన మాట కూడా నిజమే. అయినా ఆ ఉద్యమం బలమంతా గుమిగూడి అడ్డుకోవడంలోనూ, సారా వేలంపాటలు సాగనివ్వకపోవడంలోనూ ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో ఎత్తివేశారు. గెలిచినదాన్ని కాపుకాయడం కూడా ఈ విద్యలో భాగమేనని దాన్నిబట్టి తెలుస్తుంది.

మీలో కొందరు అడగవచ్చు: "ఫాదర్‌గారూ, మా అబ్బాయి జీతం ఆ అద్దాల మేడలోనే కదా! అభివృద్ధి వద్దంటున్నారా?" వద్దనడం లేదు. ఆ జీతంతోనే మన ఇళ్ళు గడుస్తున్నాయి, మన గుళ్ళు నిలుస్తున్నాయి. ఉద్యోగం కావాలనేవాడూ, చెట్టు కావాలనేవాడూ ఒకే తండ్రి బిడ్డలు. వారిద్దరూ తలలు పగలకుండా మాట్లాడుకోగలిగే విద్య కావాలంటున్నాను. "అహింసతో ఎప్పుడూ గెలుస్తామా?" అని కూడా అడగవచ్చు. లేదు. కంచ గచ్చిబౌలిలో కూలిన చెట్లు కోర్టు ఉత్తర్వుతో లేచి నిలబడలేదు. కానీ విత్తనాన్ని బట్టే పంట. ద్వేషంతో సాధించిన మార్పు ద్వేషాన్నే కాస్తుంది. 2025 ఏప్రిల్ 21న పరమపదించిన ఫ్రాన్సిస్ పాపుగారు, 2017 ప్రపంచ శాంతిదినపు సందేశాన్ని పూర్తిగా అహింసకే కేటాయించారు. ఇంటిలో మొదలుకొని రాజకీయాల దాకా అదే మన నడవడి కావాలని కోరారు.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? దూరం వెళ్ళకండి. మీ అపార్టుమెంటు గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్ళు ఈ లిఫ్టు ఎక్కరాదు అనే బోర్డు కొన్ని అపార్టుమెంట్లలో వేలాడుతోంది. మీ బిల్డింగులో ఉందా? మీ అంట్లు తోమిన చెయ్యి మీ లిఫ్టు మీట నొక్కకూడదట! నాష్‌విల్ ఫలహారశాలకూ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పండి. ఆ బోర్డును రాత్రివేళ పీకి పారేయకండి. అసోసియేషన్ సెక్రటరీని తిడుతూ గ్రూపులో మెసేజీలు పెట్టకండి. ముందు ఆ నియమం ఎప్పుడు, ఎందుకు పెట్టారో కనుక్కోండి. ఆ బోర్డు వల్ల బాధపడుతున్న ఆమెను అడగండి. ఆమె పని పోయే ప్రమాదం లేకుండా చూడండి. నాలుగు కుటుంబాలను కూడగట్టండి. మీటింగులో లేచి, మర్యాదగా, అందరి ముందు ఆ ఒక్క ప్రశ్న వేయండి. కాదంటే, ఆ బోర్డు దిగేదాకా మీరు కూడా ఆమెతోపాటు సర్వీసు లిఫ్టులోనో, మెట్ల మీదనో ఎక్కండి. మోకాళ్ళు నొప్పెడతాయి. ఆ నొప్పే మీ వాదన.

ఇంట్లో కూడా సాధన చేయవచ్చు. ఏదైనా ఫోటో ముందుకు పంపే ముందు, ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు అని మూడు ప్రశ్నలు వేసుకోండి. జవాబు తెలియకపోతే పంపకండి. సాయంత్రం జపమాల అయ్యాక పది నిమిషాలు పిల్లలతో కూర్చోండి. ఒకరు కోపంగా అరిచే సెక్రటరీగా, ఇంకొకరు ప్రశ్న అడిగేవారుగా ఆడి చూడండి. నవ్వులాటగా మొదలైనా పాఠం మిగులుతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం మీ పదో తరగతి పిల్లవానికి నేర్పండి. సాధారణంగా 30 రోజుల్లోగా అధికారి జవాబివ్వాలి. శుక్రవారం ఒక్కపొద్దు మానకండి. ఆకలిని ఓర్చుకోవడం అలవాటైన ఒళ్ళు అవమానాన్ని కూడా ఓర్చుకుంటుంది. యువజన బృందాల పెద్దలారా, సత్యోపదేశం చెప్పే టీచర్లారా, ఈ ఏడాది ఒక్క నెల ఈ విద్యకు కేటాయించలేరా?

చెంపదెబ్బ తిని ప్రశ్న అడిగిన ప్రభువు మన చేతులకు శాంతిని, నాలుకలకు సత్యాన్ని, మోకాళ్ళకు బలాన్ని దయచేయునుగాక! ఆమెన్.