ఎందువల్ల, ఎందుకు

తెలుగులో ‘ఎందుకు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘ఎందుకు ఏడుస్తున్నావు’ అంటే కారణం అడగడం. ‘ఈ గొడవ మనకెందుకు’ అంటే ప్రయోజనం అడగడం. కారణం ఒక్కటే అడగాలంటే ‘ఎందువల్ల’ అని విడిగా ఒక మాట ఉంది గాని, నొప్పితో మూలిగే మనిషి నోట అది రాదు. అరవంలోనూ ఎదనాల్ వేరు, ఎదుక్కు వేరు. రెండు భాషలతో కాపురం చేస్తున్న మనకు ఈ తేడా తెలియంది కాదు. అయినా జబ్బు వచ్చిన రోజున అన్నీ కలిసిపోయి ‘నాకే ఎందుకు’ అనే ఒక్క ప్రశ్న మిగులుతుంది.

2006లో చికున్‌గున్యా మన జిల్లాల్ని చుట్టబెట్టినప్పుడు నన్నూ పట్టుకుంది. ఆ ఏడాది దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయని ప్రభుత్వ లెక్క. జ్వరం అయిదారు రోజుల్లో వదిలింది. కీళ్ళ నొప్పి వదల్లేదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది, కొద్దిమందికి ఏళ్ళు. నేను ఆ కొద్దిమందిలో చేరాను. బడిలో తెలుగు చెప్పే రోజుల్లో బోర్డు మీద ‘క్ష’ రాయాలంటే సుద్దముక్క రెండుసార్లు జారేది. పొద్దున బిగుసుకున్న వేళ్ళు ఎంతసేపటికి వదులవుతాయని ఏ డాక్టరైనా ముందు అడుగుతాడు. మా విరించిపురం గుడిలో నీడను బట్టి పొద్దు చెప్పే రాయి ఉంది. గాడిలో పుల్ల పెడితే నీడ ఏ గీత మీద పడుతుందో అదే వేళ. నా వేళ్ళకు ఒక గీత నుంచి ఇంకో గీత దాకా పడుతుంది.

చూడవచ్చినవాళ్ళు మాత్రం వేరే ప్రశ్నలు అడిగారు. కోడి తిన్నావా? పేరులో చికెన్ వినబడిందని ఆ ఏడు ఎంతమంది కోడిమాంసం మానేశారో! మా ఇంట్లో కోడి ఎన్నడూ ఉడకలేదన్నా అడగడం ఆగలేదు. కోడి కాకపోతే చన్నీళ్ళ స్నానం, అదీ కాకపోతే తీర్చని మొక్కు, ఏదీ కుదరకపోతే పూర్వజన్మ. నిజానికి ఆ మాట ఆఫ్రికాలోని మాకొండే భాషది. 1952-53లో, ఇప్పటి టాంజానియా దక్షిణ భాగంలో, ఈ జ్వరానికి పెట్టిన పేరు. మనిషిని వంచేసేది అని అర్థం.

విరించి అంటే బ్రహ్మ. నుదుటి రాత రాసేవాడి పేరున్న ఊళ్ళో కూర్చుని తలరాతను కాదనడం కొంచెం కష్టమే. అయితే మా స్థలపురాణం ఇంకోలా ఉంది. ఆ బ్రహ్మే పూజారి కొడుకుగా పుట్టాడట. తండ్రి పోయాక అభిషేకం చేయబోతే లింగం తల అందలేదు. పిల్లవాడు ఏడిస్తే మార్గబంధు స్వామి తానే వంగాడు. నీకెందుకు అందలేదు, ఏ పాపం చేశావు అని అడగలేదు. గుడియాత్తంలో ఏటా మే నడుమ గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. ఒళ్ళంతా పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవాళ్ళు మన పెద్దలు. అందులో భయం ఉంది, కాని మంచం మీద ఉన్న మనిషికి ఒక మర్యాదా ఉంది. కీళ్ళ నొప్పికి ఆ పాటి అమ్మవారు కూడా లేదు.

కర్మ అనే మాట మీద నాకు కోపం లేదు. నా బాధకు నేను ‘నా కర్మ’ అనుకుంటే రాత్రి కాస్త నిద్ర పట్టవచ్చు. ఎదుటివాళ్ళు ‘నీ కర్మ’ అన్నప్పుడే అది తీర్పు అవుతుంది.

ఎందువల్ల అని సరిగ్గా అడిగినవాళ్ళు మన వేలూరులోనే ఉన్నారు. 1964లో ఇక్కడ ఈ జ్వరం ప్రబలినప్పుడు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు రోగుల రక్తంలోనూ, పట్టి తెచ్చిన దోమల్లోనూ వైరస్‌ను వేరుచేసి చూపారు. ఈ ఏడిస్ దోమ మురికిగుంటల్ని కోరదు. మనం దాచుకున్న మంచినీళ్ళలో గుడ్లు పెట్టి, పగటిపూట కుడుతుంది. నీళ్ళు దాచుకోవడం ఎందుకంటారా? కొళాయి రోజూ రాదు గనక. పాలారు చూడబోతే, 2021 నవంబరు వరద లాంటివి వదిలేస్తే, ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుక అడుగున ఉన్న నీళ్ళనూ టానరీల వ్యర్థాలు పాడుచేశాయని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, పాడుచేసినవాళ్ళే మూల్యం చెల్లించాలంది. అక్కడ కారణమూ నేరమూ ఒకే గడపలో దొరికాయి, వేలెత్తి చూపడం న్యాయం. నా వేళ్ళ సంగతి అలా కాదు. నన్ను కుట్టిన దోమ ఏ ఇంటి డ్రమ్ములో పుట్టిందో ఎవరు చెప్పగలరు? అదే వారం అదే ఇంట్లో జ్వరం వచ్చిన మా ఆయనకు పది రోజుల్లో తగ్గింది. వయసు మీరడం, ఆడదై పుట్టడం, మొదటి జ్వరం తీవ్రంగా ఉండటం, ఇవి నొప్పి నిలిచిపోయే అవకాశాన్ని పెంచుతాయట. వీటిలో నేను చేసిన పని ఏదో నాకు కనబడదు.

అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరుంది. 1975లో అక్కడ ఇద్దరు తల్లులు తమ చుట్టుపక్కల ఇంతమంది పిల్లలకు కీళ్ళవాపు ఎందువల్ల వస్తోందని ఆరోగ్యశాఖనూ డాక్టర్లనూ అడిగారు. నా బిడ్డకే ఎందుకు అని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కథ అక్కడే ఆగేది. 1982 నాటికి విలీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల్లో ఆ జబ్బు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. పాత పొలాలు మళ్ళీ అడవులై జింకలు పెరగడం, ఆ అడవి అంచుల్లో ఇళ్ళు లేవడం కూడా కారణాల్లో చేరాయి. మందు ఉంది, చాలామందికి నయమవుతుంది. కొందరికి మాత్రం మందు పూర్తయినా అలసట, నొప్పులు పోవు. వాళ్ళలో చాలామంది దాన్ని క్రానిక్ లైమ్ అంటారు. క్రిమి ఇంకా దాగి ఉందనడానికి ఆధారం లేదని ఎక్కువమంది డాక్టర్లు ఆ పేరు ఒప్పుకోరు. నెలల తరబడి యాంటీబయాటిక్‌లు ఇచ్చి చేసిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు కూడా. ఇందులో నేను డాక్టర్ల పక్షమే. కాని పేరు తప్పు కావచ్చు, నొప్పి అబద్ధం కాదు. కారణం రుజువైతేగాని బాధను నమ్మం అనేవాళ్ళకూ, కోడి తిన్నావా అని అడిగేవాళ్ళకూ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇద్దరికీ మంచం మీది మనిషి ముందుగా ఏదో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇప్పుడు మా వీధికి దోమల పని మీద ఒక అమ్మాయి వస్తుంది. టార్చి వేసి డ్రమ్ములోకి చూస్తుంది, పురుగు కనబడితే నీళ్ళు పారబోయిస్తుంది, మందు చల్లుతుంది. ఎవరిదీ తప్పనదు. పక్కింటి డ్రమ్మూ అలాగే చూస్తుంది. తరవాత అరుగు మీద కూర్చుని, ఈ వారం మోకాలు ఎట్లా ఉందక్కా అంటుంది.