గాజులో సూక్ష్మజీవి: రూపం ఎంతవరకు సత్యం?

బ్రిటిష్ కళాకారుడు ల్యూక్ జెరమ్ 2004 నుంచి రోగకారక క్రిములకు గాజు శిల్పాలు చేయిస్తున్నాడు. హెచ్‌ఐవీ, మశూచి, మలేరియా వాటిలో ఉన్నాయి. శాస్త్రజ్ఞుల సలహాతో గాజు ఊదే నిపుణులు మలిచిన ఈ శిల్పాలకు రంగు ఉండదు. హెచ్‌ఐవీ కణం వ్యాసం సుమారు 120 నానోమీటర్లు; కంటికి ఆనే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. అంత చిన్నదానికి మనం ఎరిగిన రంగు లేదు. పత్రికల్లో కనిపించే ఎరుపు, ఆకుపచ్చలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇచ్చిన నలుపు తెలుపు చిత్రాలకు తరువాత అద్దినవి.

కంటికి అందనిదానికి రూపం కల్పిస్తే అది జ్ఞానమా, భ్రమా? హైదరాబాద్‌లో ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కలే దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు ఏటా గణపతి ప్రతిమలు ఊరేగుతాయి. చవితినాడు ప్రతిమలోకి దైవాన్ని ఆవాహన చేస్తారు, చివర ఉద్వాసన చెబుతారు. ఆ తరువాత మిగిలేది మట్టి. దాన్ని నీట కలుపుతారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో సమాధి మీద చాదర్ కప్పి పూలు చల్లుతారు. దైవానికి మాత్రం ఏ ప్రతిమా ఉండదు. ఒకచోట రూపానికి గడువుంది, మరోచోట రూపానికే చోటు లేదు. దైవాన్ని రూపంతో సరిపెట్టకూడదన్నది రెండింటిలోనూ ఉంది.

ఉన్న వస్తువు కనిపించకపోవడానికి సాంఖ్య దర్శన గ్రంథమైన సాంఖ్యకారిక చెప్పిన ఎనిమిది కారణాల్లో సూక్ష్మత్వం ఒకటి. అలాంటిదాన్ని దాని కార్యాన్ని బట్టి తెలుసుకోవాలంటుంది ఆ గ్రంథం. ఇక రంగు విషయానికొస్తే, మందారం పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనబడుతుంది, ఆ ఎరుపు స్ఫటికానిది కాదంటారు అద్వైతులు. వైరస్ చిత్రాల రంగులూ ఇలాంటి ఆరోపాలే.

అయితే రంగు ప్రతిసారీ ఆరోపం కాదు. నాంపల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి చూశాడు. దాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను అరిగించుకోగా మిగిలే పదార్థమది. రోగుల రక్తంలో చూసిన రేణువులే దోమలోనూ ఉండటంతో ఆ కణాలు మలేరియావని రాస్ అనుమానించాడు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికుల పరిభాషలో ఆ నలుపు లింగం, అంటే అనుమాన ప్రమాణానికి (కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకునే మార్గానికి) ఆనవాలు. ఈ కృషికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి రంగు ఉందా లేదా అన్నదాన్ని బట్టి రూపం సత్యాసత్యాలు తేలవు. ఏ గుణం వస్తువుది, ఏది చూపించే సాధనానిది అని విడదీయగలగాలి. జెరమ్ శిల్పం రంగును తీసేసినా, సుమారు పది లక్షల రెట్లు పెరిగిన పరిమాణం, నిశ్చలత, తళుకు గాజువే. ఆ తేడా ఎరిగి చూసేవారికి అది ప్రమాణాల వల్ల తెలిసినదానికి ప్రతీక అవుతుంది. అదే ప్రమాణం కాదు.