ముసలి పిల్లికీ ఒక ఇల్లు



షెల్టర్‌కు వెళ్లినవాళ్లంతా పిల్లికూనల్నే ఎత్తుకుంటారు. పదేళ్లు దాటి, కిడ్నీలు దెబ్బతిన్న పిల్లి మాత్రం బోనులోనే ఉండిపోతుంది. "రోగిష్టిది, ఎన్నాళ్లు బతుకుద్దిలే" అంటాం. ఇంట్లో అవ్వ గురించి ఆ మాట అంటామా?

విరేచనాలతో పడివున్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, మంచమెక్కించాడని వినయపిటకం చెబుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుడి శాసనం మనుషులతోపాటు పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానంటుంది. ఆ నేల మీదే మనం, పిల్లి ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరుగుతున్నాం!

జాలిపడి ఊరుకుంటే కరుణ కాదు. కరుణ అంటే పని. తెచ్చుకునేముందు రక్తపరీక్షల కాగితాలు అడగండి. నెలకయ్యే మందుల ఖర్చు లెక్కేసుకోండి. మొదట్లో ఒక్క గదిలోనే ఉంచండి, నిదానంగా అలవాటుపడుతుంది. డాక్టరు చెప్పిన తిండి, ఎప్పుడూ మంచినీళ్లు పెట్టండి. పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు పూర్తిగా నయం కాదు. అయినా సరిగ్గా చూసుకుంటే కొన్ని ఏళ్లు కూడా బతుకుతాయి.

తెచ్చుకోలేనివాళ్లు మందుల ఖర్చయినా పంచుకోండి.

అనిత్యం దానికీ మనకీ ఒకటే. మిగిలిన రోజులు బోనులో గడవాలా, మీ ఇంట్లో గడవాలా అన్నది మాత్రం మీ చేతిలో ఉంది.