పేరు దాగినా లెక్క దాగదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థుల్లో ఎవరైనా ఇలా అడగవచ్చు: “కెనడా 2018లో వయోజనులకు గంజాయిని అనుమతించింది కదా, మన దేశంలో 1985 నాటి నిషేధ చట్టం ఇంకా ఎందుకు?”

మా సమాధానం ఇది: చట్టం రేపు సడలినా ధర్మం మారదు. మద్యం దుకాణానికి ప్రభుత్వ లైసెన్సు ఉంది. అంతమాత్రాన మద్యం హలాల్ అయిందా? మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమని దైవప్రవక్త (సఅసం) బోధించారు.

ఇదే వాదనను ఆ విద్యార్థి ఇంటర్నెట్‌లో మారుపేరుతో రాస్తే? పేరు దాచుకోవడం దానంతటది పాపం కాదు; గుప్తదానం చేసేవారూ పేరు దాచుకుంటారు. కాని తండ్రి ఎదుట అనలేని మాటను ముసుగు చాటున పదిమందికి నేర్పడం జవాబుదారీతనం నుంచి పారిపోవడమే.

సోదరులారా! మారుపేరు మనుషులకే. మన కర్మలు లిఖించే దైవదూతలకు అసలు మనిషి తెలుసు. ప్రళయదినాన జవాబు చెప్పగలిగిన మాటే రాద్దాం.