ముందు నడిచే కుక్క

అడవి బాటలో మన కుక్క మనకంటే పదడుగులు ముందుంటుంది. ఇప్పపువ్వు ఏరడానికి చీకటితో బయలుదేరినా, తేనెకు పోయినా, గడ్డలు తవ్వబోయినా అంతే. చెట్టు కింద ఎలుగుబంటి ఉందని దాని ముక్కుకే ముందు తెలుస్తుంది. అది ఆగితే మనం ఆగుతాం. నల్లమల చెంచు పెంటల్లో అయినా, గోదావరి పక్క కోయగూడేల్లో అయినా కుక్కను ఇంటి మనిషిగానే చూస్తాం.

ఇప్పుడు అడవి బాటల మీద ఇంకో రకం నడక కూడా మొదలైంది. సెలవు రోజున పట్నం వాళ్లు తమ కుక్కలతో జలపాతం దాకా నడిచి, ఫోటోలు తీసుకుని పోతారు. వాళ్లది సరదా, మనది బతుకు అని చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే. కానీ ఇద్దరూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటుంది. కుక్కను అడవిలోకి తీసుకుపోయిన మనిషి, అక్కడ ఆ కుక్క చేసే పనికి బాధ్యుడా, కాదా?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. ఏకలవ్యుడి కథలోనే ఉంది. ద్రోణుడి దగ్గర సెలవు తీసుకుని రాకుమారులు వేటకు వచ్చారు. సామాన్లు మోసే సేవకుడి వెంట ఒక కుక్క వచ్చింది. అడవిలో తిరుగుతూ అది ఏకలవ్యుణ్ని చూసింది. నల్లని ఒళ్లు, జింక తోలు, జడలు కట్టిన జుట్టు దానికి కొత్త. మొరిగింది. అతను దాని నోట్లోకి ఏడు బాణాలు వేశాడు. ఆ కుక్క వెనక్కి పోవడంతోనే అతని విద్య బయటపడింది. చివరికి బొటనవేలు పోయింది. మనం ఎప్పుడూ వేలు గురించే మాట్లాడతాం, అది న్యాయమే. అయితే ఇంకొకటి కూడా గమనించాలి. అడవిలో ఉంటున్నవాడి మీద బయటి నుంచి వచ్చిన కుక్క మొరిగితే, దాన్ని తెచ్చినవాళ్లను ఎవరూ తప్పు పట్టలేదు.

అదే భారతం చివర ఇంకో కుక్క ఉంది. వెంట వచ్చిన ఆ కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. లోకం మెచ్చుకుంది. వెంట వచ్చినదాన్ని విడవకపోవడం ధర్మమే. ముందు పంపినదాని పనికి పూచీ పడటం కూడా ధర్మమే. ఈ రెండోదాన్ని బడిలో ఎవరూ చెప్పలేదు. మనమే చెప్పుకోవాలి.

ఎందుకంటే ఈ రోజు అడవిలో మన కుక్క కూడా ఒక్కోసారి ఆ రాకుమారుల కుక్క అవుతుంది. పొదలో పడుకున్న జింకపిల్లకు, గుడ్ల మీద కూర్చున్న నెమలికి, బొరియలో పిల్లలున్న రేచుకుక్కకు మనమే బయటివాళ్లం. కుక్కకు ఇంట్లో కడుపునిండా పెట్టకుండా వదిలేస్తే అది వేటాడుకుంటుంది. ఆ వేట దానిది కాదు, మనది.

కంటికి కనిపించని హాని ఇంకా పెద్దది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. చాలావాటిలో డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు క్రిమి కనిపించింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఇదే జబ్బు సుమారు వెయ్యి సింహాలను చంపింది. అక్కడ చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి అది పాకిందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ కుక్కలు ఎవరినీ కరవలేదు, తరమలేదు. ఊరికీ అడవికీ మధ్య తిరిగాయి, అంతే.

'తాతల కాలం నుంచి కుక్కలతోనే అడవిలో తిరిగాం, అప్పుడు లేని చేటు ఇప్పుడెందుకు?' అని మన పిల్లలు అడగవచ్చు. అడగాలి కూడా. తాతల కాలంలో అడవి ఒక్కటిగా ఉండేది. ఇప్పుడు రోడ్లు, జలాశయాలు, గనులు దాన్ని ముక్కలు చేశాయి. చిన్న ముక్కలో బతికే జంతువుకు పారిపోయే చోటు లేదు. 'వాటిని ముక్కలు చేసినవాళ్లను అడగకుండా మా కుక్కను అడుగుతారా?' అనే కోపం కూడా సబబే. వాళ్లను అడుగుతూనే ఉండాలి. వాళ్లు జవాబు చెప్పలేదు కాబట్టి మనమూ చెప్పం అంటే మాత్రం, మనకూ వాళ్లకూ తేడా ఏముంటుంది?

పైగా అడిగే అధికారం మన చేతిలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు వేట హక్కు ఇవ్వలేదు. కానీ ఐదో సెక్షన్లో అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకలను నియంత్రించే నిర్ణయం కూడా సభ చేయవచ్చు. జంతువులు ఈనే కాలంలో కుక్కలను ఏ బాటల్లో తిప్పకూడదో సభలో పెద్దలే చెప్పగలరు. వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. ఆ కట్టుబాటు ముందు మన కుక్కకు పెడితే, పట్నం నుంచి వచ్చే కుక్కకూ గట్టిగా చెప్పవచ్చు.

మిగతావి చిన్న పనులు. ఏటా పశువైద్యుణ్ని గూడేనికి పిలిపించి కుక్కలకు రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేయించాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలని ప్రతి పిల్లవాడికీ నేర్పాలి. ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య పాఠశాలల్లో ఉపాధ్యాయులు ఏకలవ్యుడి కథ చెప్పేటప్పుడు కాసేపు కుక్క దగ్గర ఆగాలి. అది ఎవరిది, ఎవరి చోటికి వచ్చింది, ఎవరు నష్టపోయారు అని పిల్లలనే అడగాలి. తర్వాత వాళ్ల ఇంటి కుక్క గురించి కూడా అవే మూడు ప్రశ్నలు వేయాలి.